పిల్లలకు గుడ్డ ఉయ్యాల: చిరగనంత మాత్రాన సరిపోతుందా?

పిల్లలకు ఇంట్లోనే ఉయ్యాల కుట్టాలనుకునేవారు మొదట గుడ్డను పరీక్షిస్తారు. రెండు చేతులా పట్టి లాగి, ఆగుతుందనిపిస్తే సగం పని అయిపోయిందనుకుంటారు. కానీ గుడ్డ ఉయ్యాలల్లో పిల్లల ప్రాణాలు తీసిన ప్రమాదాలను గమనిస్తే, చాలావాటిలో ఏదీ చిరగలేదు, ఏ తాడూ తెగలేదు. గుడ్డ చెక్కుచెదరకుండా ఉండి మెడకు బిగుసుకుంది. చీర ఉయ్యాలలో ఆడుకుంటూ గిరగిరా తిరిగిన పిల్లలు ఊపిరాడక చనిపోయిన వార్తలు తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కాబట్టి గుడ్డ ఎంత గట్టిది అన్నదానికంటే, ఉయ్యాల మూసుకుపోకుండా ఏది ఆపుతోంది అన్నది ముందు తేల్చుకోవాలి. కొలతలు, కుట్లు, కట్టే ఎత్తు అన్నీ దాన్నిబట్టే నిర్ణయించుకోవాలి.

చీర ఉయ్యాలలో జరిగేది ఇది. చీర రెండు కొసలనూ పైన ఒకేచోట ముడి వేస్తారు. కింద జోలెలా ఏర్పడిన మడతలో బిడ్డ ఉంటుంది. కదలలేని పసిబిడ్డ ఉన్నంతవరకూ ఆ జోలె ఆకారం మారదు. నాలుగైదేళ్ల పిల్ల అందులో కూర్చుని కాళ్లతో నేలను తన్ని తిరిగితే, పైముడి దగ్గర పడిన మెలిక చుట్టు చుట్టుకూ కిందికి దిగుతుంది. మెలిక పడినకొద్దీ గుడ్డ పొట్టిదై, రెండు పొరలూ దగ్గరికి వచ్చేస్తాయి. తల ఆ పొరల మధ్య ఉంటే అవి మెడను నొక్కేస్తాయి. మెడలోని రక్తనాళాలు నొక్కుకుని రక్తప్రసరణ ఆగిపోవడానికి పెద్ద బలం అక్కర్లేదు. కాళ్లు నేలకు ఆనుతున్నా పిల్లలు క్షణాల్లో స్పృహ తప్పుతారు. అరుపు బయటికి రాదు. పక్కగదిలో ఉన్నవారికి ఆడుకుంటున్నారనే అనిపిస్తుంది.

మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఇదే జరిగింది. కొసలను వెడల్పుగా విప్పి ఉంచే అడ్డకర్రలు లేకుండా సన్నని దారాలతో అల్లిన వల ఉయ్యాలలు మెడకు చుట్టుకుని పిల్లలు చనిపోవడంతో, 1996లో అక్కడి వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ లక్షల సంఖ్యలో అలాంటి ఉయ్యాలలను మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించింది. పరుపు వేసినట్టు వెడల్పుగా నిలవని వల, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాడులా చుట్టుకుపోతుంది. పిల్లలు ఎక్కేది పద్ధతిగా కాదు, తలకిందులుగా కూడా దూరుతారు.

అందుకే పిల్లల ఉయ్యాలలో అడ్డకర్ర అలంకారం కోసం పెట్టేది కాదు. మన పాతతరం వాళ్లు కూడా చీర ఉయ్యాల రెండు పొరల మధ్య ఒక కర్రను అడ్డంగా పెట్టి, గుడ్డ బిడ్డ ముఖం మీదికి మూసుకోకుండా చూసుకునేవారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో హుక్కుకు చీర ముడి వేసి ఊరుకునేవారిలో ఆ కర్ర సంగతి చాలామందికి తెలియదు.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పే ఉయ్యాల రెండు కొసలనూ వేర్వేరు ఆధారాలకు కట్టి, కొసకో అడ్డకర్ర పెట్టేది. అది సుమారు మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు, పెద్దలు చూస్తుండగా ఆడుకోవడానికి, కాసేపు పడుకోవడానికి. పసిపిల్లలను రాత్రి నిద్రపుచ్చడానికి కాదు. గుడ్డ జోలెలో పసిబిడ్డ వీపు విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. మెడ నిలపలేని వయసులో అలా ఆనితే సన్నని ఊపిరిగొట్టం నొక్కుకుపోతుంది. పక్కకు తిరిగితే ముక్కు గుడ్డలోకి కూరుకుంటుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పసివాళ్లను గట్టిగా, సమతలంగా ఉండే పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమని చెబుతుంది. 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశు పడకల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. మన నాయనమ్మలు, అమ్మమ్మలు జోలెలో పిల్లల్ని పెంచలేదా అని అడగవచ్చు. పెంచారు. కానీ చేనుగట్టున చెట్టుకు కట్టిన జోలె మీద నాటేవాళ్లో కోసేవాళ్లో ఎవరో ఒకరి కన్ను ఉండేది. ఇంట్లో అయితే ముసలమ్మ చేతిలో ఉయ్యాల తాడు ఉండేది. ఆ చెయ్యి లేనిచోట ఆ అలవాటును యథాతథంగా తెచ్చుకోవడం సరికాదు.

ఇక బరువు లెక్క. 20 కిలోల పిల్ల ఉయ్యాలలో పడుకుంటే ఒక్కో కొసమీద 10 కిలోలే పడుతుందని అనిపిస్తుంది. తాళ్లు నిటారుగా ఉంటేనే అది నిజం. తాడు నేలకు 30 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కొసమీద 20 కిలోలు పడుతుంది. అంటే బిడ్డ పూర్తి బరువు రెండు వైపులా. అందంగా కనిపించాలని బిగించి 10 డిగ్రీలకు తెస్తే, ఒక్కో తాడు మీద దాదాపు 58 కిలోల లాగుడు. ఉయ్యాలను బిగించి కట్టినకొద్దీ తాడు మీదా హుక్కు మీదా భారం ఇలా పెరిగిపోతుంది. వదులుగా, కాస్త వేలాడేలా కట్టిన ఉయ్యాలే మేలు. 30 డిగ్రీలు కొలవడానికి పరికరం అక్కర్లేదు. తాడు వెంట అడ్డంగా ఒక మీటరు జరిగితే ఎత్తు సుమారు 58 సెం.మీ. పెరగాలి.

ఊగితే భారం ఇంకా పెరుగుతుంది. తాడు నిటారు నుంచి 60 డిగ్రీల దాకా వెళ్లి తిరిగొచ్చేలా ఊగితే, అట్టడుగు బిందువు దగ్గర బరువు రెట్టింపవుతుంది. ఎక్కి ఎగిరితే ఇంకా ఎక్కువ. పిల్లలు ఒక్కరే ఎక్కుతారని నమ్మడానికీ లేదు. 25 కిలోల పిల్లలిద్దరు ఎక్కి గంతులేస్తే, మూడు రెట్లు లెక్కగట్టినా 150 కిలోలు. 30 డిగ్రీల దగ్గర ప్రతి కొసా అంత బరువు మోయాలి. తాడులో ముడి వేస్తే దాని బలం సుమారు సగానికి పడిపోతుంది కనుక 300 కిలోల తాడు కావాలి. ఎండకూ వానకూ పాతబడేదానికి మరో రెట్టింపు వేసుకుంటే 600. ఇది విని భయపడనవసరం లేదు. మంచి రకం నైలాన్ తాడు 10 మి.మీ. మందానిది కొత్తగా ఉన్నప్పుడు వెయ్యి కిలోలకు పైనే ఓర్చుకుంటుంది. తాడు కొనడం తేలిక. తాడు నుంచి గుడ్డకు ఆ భారం ఎలా చేరుతుందన్నదే కష్టమైన భాగం. ఇంట్లో కుట్టిన ఉయ్యాలలు తెగేది ఎక్కువగా అక్కడే.

గుడ్డ ఎంపికలో ముందుగా పడుగు దిక్కు చూసుకోవాలి. మగ్గం మీద పడుగు పోగులు బిగుసుగా ఉంటాయి, బలం కూడా సాధారణంగా వాటికే ఎక్కువ. ఉయ్యాల పొడవు పడుగు వెంట రావాలి. తానులో అయితే అంచుకు సమాంతరంగా ఉండేదే పడుగు. గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తే బరువు పడగానే ఒక పక్కకు సాగి, బిడ్డ ఆ వైపు దొర్లుతుంది. మందపాటి కాన్వాసు, జంట పోగులతో నేసే దోసూతీ, దళసరి ఖద్దరు బాగా పనికొస్తాయి. పొందూరు ఖాదీలాంటి సన్ననూలు వస్త్రం ఎంత గొప్పదైనా ఈ పనికి కాదు. షోలాపూర్ చద్దరు దళసరిగానే ఉంటుంది కానీ, దాని నేతలో పొడవుగా తేలిన పోగులకు చిన్నపిల్లల వేళ్లు, పట్టీల మువ్వలు చిక్కుకుంటాయి. పాలియెస్టర్ చీర గట్టిదే కానీ జారుతుంది, చెమట పీల్చదు.

పాత నూలు చీరతో కుట్టాలన్న కోరిక సహజం. ఆ మెత్తదనం కొత్త గుడ్డకు రాదు. అయితే చీర అంతా ఒకేలా అరగదు. కుచ్చిళ్లు పడే చోట, బొడ్లో దోపుకునే చోట, ఫాల్ కుట్టిన అంచు దగ్గర పోగులు ముందు పలచబడతాయి. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే ఆ భాగాలు వెలుతురులో జల్లెడలా కనిపిస్తాయి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర బలంగా ఉన్నట్టు మోసం చేస్తుంది, గంజి పూర్తిగా వదిలాకే చూడాలి. మూలన చిన్న గాటు పెట్టి చింపి చూసినప్పుడు సర్రున చిరిగితే ఆ చీర బరువు మోసే పనికి రాదు. దాన్ని పైన మెత్తని పొరగా వేసి, కింద కాన్వాసు పెట్టడం చక్కని మార్గం. అప్పుడు అమ్మ చీర అమ్మ చీరగానే ఉంటుంది, బరువును కాన్వాసు మోస్తుంది. ఏ నూలు గుడ్డనైనా కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఆరవేయాలి. కుట్టాక కుదించుకుపోతే కుట్లు లాగేస్తాయి.

కొలతల విషయానికొస్తే, పూర్తయ్యాక పడుకునే భాగం 140 సెం.మీ. పొడవు, అడ్డకర్ర దగ్గర 80 సెం.మీ. వెడల్పు ఉంటే ఎనిమిదేళ్ల పిల్లలకూ సరిపోతుంది. గుడ్డ వెడల్పు మాత్రం 90 సెం.మీ. ఉంచి, కర్ర మీద చిన్న కుచ్చులతో 80లోకి తీసుకురావాలి. ఆ పది సెంటీమీటర్ల వదులు మధ్యలో సుమారు 17 సెం.మీ. లోతునిస్తుంది. వదులు లేకపోతే ఉయ్యాల బల్లలా ఉండి, పక్కకు ఒత్తిగిలగానే తిరగబడుతుంది. వదులు మరీ ఎక్కువైతే అంచులు బిడ్డ మీదికి మూసుకుంటాయి. ఉయ్యాల కుట్టడంలో నిజమైన నేర్పు ఈ ఒక్క కొలతలో ఉంది. కొసల మడతలకూ, అంచుల మడతలకూ కలిపి మీటరు వెడల్పున్న గుడ్డ రెండున్నర మీటర్లు తీసుకుంటే, తర్వాత చెప్పే త్రికోణపు ముక్కలు కూడా అందులోనే వస్తాయి.

బరువు మోసే పని గుడ్డకు అప్పగించకుండా నవారుకు అప్పగించాలి. మంచానికి అల్లే నవారే ఇది. రెండంగుళాల నూలు నవారు గానీ, బ్యాగుల దుకాణాల్లో దొరికే నైలాన్ పట్టీ గానీ ఉయ్యాల కింది వైపు రెండు పొడవాటి అంచుల వెంట ఈ కొస నుంచి ఆ కొసకు అతుకు లేకుండా సాగాలి. అంచు దాటాక కర్ర చుట్టూ ఒక చుట్టు తిరిగి, అలాగే పైకి వెళ్లి ఇనుప రింగును చేరాలి. ఒక్కో నవారు మూడు మీటర్లకు పైగా పడుతుంది. మధ్యలో మూడోది కూడా వేస్తే కర్ర మీద ఒత్తిడి బాగా తగ్గుతుంది. ఇలా చేస్తే గుడ్డ ఎక్కడైనా చిరిగినా బిడ్డ నవారు మీద నిలుస్తుంది. మడత మంచాలకు వాడే ప్లాస్టిక్ నవారు ఎండలో ఉంటే పొడిపొడిగా రాలిపోతుంది. దాన్ని ఈ పనికి తీసుకోకూడదు.

కుట్టు దగ్గర ఒక సూత్రం గుర్తుంటే చాలు. రెండు పొరలను ఒకదానిమీద ఒకటి పరిచి, లాగుడు వాటి పొడవునా వచ్చేలా కుడితే అన్ని కుట్లూ కలిసి భారం పంచుకుంటాయి. అదే రెండు పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడదీసినట్టు విడివడేలా లాగుడు వస్తే, మొదటి కుట్టు ఒక్కటే భారమంతా మోస్తుంది. అది తెగాక రెండోది, తర్వాత మూడోది, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు వరసంతా వచ్చేస్తుంది. రింగు దగ్గర నవారును మడిచి కుట్టేచోట దీన్ని జాగ్రత్తగా చూడాలి. నవారు కొసను రింగులోంచి దూర్చి, కనీసం 15 సెం.మీ. వెనక్కి మడిచి, ఆ మడత మీద దీర్ఘచతురస్రంగా కుట్టి, లోపల మూలనుంచి మూలకు ఇంటూ గుర్తులా రెండు గీతలు కుట్టాలి. బడిసంచి పట్టీలు సంచికి కలిసేచోట చూస్తే ఇదే కుట్టు కనిపిస్తుంది. దాని మీద మరోసారి కుట్టాలి. మడత మొదలయ్యే రింగు వైపు అంచున, అంటే విడదీసే లాగుడు ముందు తగిలేచోట, అడ్డంగా మూడు నాలుగు వరసలు దగ్గర దగ్గరగా వేస్తే మంచిది.

కుట్లు దగ్గరగా ఉంటే గట్టిగా ఉంటాయన్నది అన్నిచోట్లా నిజం కాదు. పొడవాటి వరసల్లో మరీ చిన్న కుట్లు వేస్తే సూది రంధ్రాలు వరసగా పడి, గుడ్డ ఆ గీత వెంటే చిరుగుతుంది. కుట్టు పొడవు 3 నుంచి 3.5 మి.మీ. ఉంటే సరిపోతుంది. దారం పాలియెస్టర్‌ది, బ్యాగులు కుట్టే మందంలో ఉండాలి. జాకెట్లు కుట్టే నూలు దారం చెమటకూ, తడికీ గుడ్డకంటే ముందే పుచ్చిపోతుంది. సూది 18 నంబరు. నవారుతో కలిపి నాలుగైదు పొరలు వచ్చేచోట ఇంట్లో ఉండే మామూలు మిషన్ మొరాయిస్తుంది. కాలితో తొక్కడం ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దించాలి. అదీ కష్టమైతే ఆ మూలలు మాత్రం షామియానాలు కుట్టేవారికో, బండి సీటు కవర్లు కుట్టేవారికో ఇవ్వడం మంచిది. వాళ్ల మిషన్లు, దారాలు ఇలాంటి పనికోసమే ఉంటాయి. పదినిమిషాల పనికి వాళ్లు పెద్దగా తీసుకోరు కూడా.

అడ్డకర్ర దూరే కొసల మడత లంగాకు బొందు దూర్చే పట్టీలాంటిదే, కాకపోతే వెడల్పెక్కువ. గుడ్డను 14 సెం.మీ. వెనక్కి మడిచి, కర్ర సులువుగా దూరేంత వదిలి, మూడు వరసలు కుట్టాలి. కర్ర టేకుదో, గట్టి వెదురుదో, 4 సెం.మీ. మందం. ఇల్లు తుడిచే మాపు కర్ర చేతికి గట్టిగానే అనిపిస్తుంది కానీ, అది అందులో సగం మందమే ఉంటుంది. మందం రెట్టింపైతే వంగుడును తట్టుకునే బలం ఎనిమిది రెట్లవుతుంది. కొసలను గరుకుకాగితంతో నున్నగా గుండ్రంగా రుద్ది, నవారు జారిపోకుండా చిన్న గాడి చెక్కాలి.

ఇప్పుడు చాలామంది వదిలేసే భాగం. కర్ర రెండు కొసలనుంచి నవార్లు పైకెళ్లి రింగు దగ్గర కలిసినప్పుడు అక్కడ ఒక ఖాళీ త్రికోణం ఏర్పడుతుంది. కిటికీలా కనిపించే ఆ ఖాళీలోంచి తల బయటపెట్టి చూడటం పిల్లలకు సరదా. ఆటస్థలాల భద్రతా ప్రమాణాల్లో 9 నుంచి 23 సెం.మీ. మధ్య ఉండే ఖాళీలను ప్రమాదకరమైనవిగా పరిగణిస్తారు. అంత ఖాళీలో ఒంటిని దూర్చిన బిడ్డ తల బయటికి రాక ఇరుక్కుంటుంది. పైకి పోయేకొద్దీ ఇరుకయ్యే త్రికోణంలో అలాంటి చోటు తప్పకుండా ఉంటుంది, మెడ దానిలోకి జారితే పట్టేస్తుంది. మిగిలిన గుడ్డతో ఆ త్రికోణాన్ని మూసి, నవార్లకు కలిపి కుట్టేయాలి. రెండు వైపులకూ కలిపి గంటసేపు పడుతుందేమో. ఈ ఉయ్యాలలో ఏ పనినైనా తగ్గించుకోవచ్చు కానీ దీన్ని కాదు. అదే కారణంతో కుచ్చులు, వేలాడే బొందులు, అలంకారపు పూసల దండలు ఏవీ కుట్టకూడదు.

కట్టే చోటు సంగతికొస్తే, పక్కకు లాగే భారాన్ని జనం లెక్కలోకి తీసుకోరు. 30 డిగ్రీల ఉయ్యాల బరువును కిందికి లాగడమే కాక, రెండు ఆధారాలనూ లోపలికి, ఒకదానివైపు ఒకటి, బిడ్డ బరువులో 87 శాతం బలంతో లాగుతుంది. పెరట్లో నాటిన రాతి కడీలు పైనుంచి బరువు మోయగలవు కానీ, పక్కకు వంచే లాగుడుకు రాయి హఠాత్తుగా విరుగుతుంది. విరిగిన రాయి పడేది ఉయ్యాలవైపే. సిమెంటు ఇటుకల ప్రహరీ స్తంభాలూ అంతే. ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డగోడ, కిటికీ ఊచలు, ఫ్యాను కొక్కెం దీనికి పనికిరావు. కాంక్రీటు బీములో గానీ పిల్లర్‌లో గానీ డ్రిల్లు వేసి బిగించిన ఫాస్టెనర్ హుక్కు కావాలి. పాత మండువా ఇళ్లలో ఉయ్యాలబల్లల కోసం దూలాలకు వేసిన కొక్కేలు ఉంటే, తుప్పు, దూలానికి చెద చూసుకుని వాడుకోవచ్చు. చెట్లలో చింత, వేప, ముదురు మామిడి నమ్మదగినవి. అట్లతద్దికి ఉయ్యాలలు కట్టేవాళ్లు మునగ చెట్టు జోలికి వెళ్లరు, దాని కొమ్మ ఫెళుక్కున విరుగుతుంది. హుక్కులు మూతిపడేవే వాడాలి. తెరిచి ఉండే ఎస్ హుక్కు ఊపుకు తప్పుకుంటుంది.

బిడ్డ కూర్చున్నాక ఉయ్యాల అడుగు ఆ బిడ్డ మోకాలి ఎత్తులో ఉండాలి, అంటే సుమారు 30 నుంచి 40 సెం.మీ. అడ్డకర్ర ఉన్న ఉయ్యాల ఎప్పుడో ఒకప్పుడు తిరగబడుతుంది. ఆ ఎత్తునుంచి బొంత మీద పడితే ఏడుపుతో పోతుంది. రెండు వైపులా గోడ, మంచం కోడు, గడప లేకుండా మీటరున్నర ఖాళీ ఉండాలి. ఎక్కేముందు చున్నీ, మెడలో గొలుసు, తాయెత్తు దారం తీసేయాలి. మొదటిసారి కట్టాక పిల్లలకంటే ముందు ఇంట్లో 70 కిలోల మనిషి మెల్లగా కూర్చుని, ఆపైన ఊగి చూడాలి. గుడ్డకంటే హుక్కులను చూస్తూ ఊగాలి.

ఆట అయిపోయాక ఉయ్యాలను దించేయడం కూడా దాన్ని కుట్టినంత ముఖ్యమైన పనే. ప్రమాదాలు ఎక్కువగా ఎవరూ లేని మధ్యాహ్నం, పెద్దలు నిద్రపోయినప్పుడు జరుగుతాయి. రింగులను హుక్కుకు క్లిప్పులతో తగిలిస్తే, విప్పి బీరువాలో పెట్టడానికి నిమిషం పట్టదు. ఎండకూ వానకూ వదలకపోతే నవారు ఆయుష్షు కూడా పెరుగుతుంది.

ఉతికిన ప్రతిసారీ నవారు మడతల దగ్గర కుట్లను గోరుతో గీకి చూడాలి. ఒక్క కుట్టు లేచినా ఆ దీర్ఘచతురస్రపు కుట్టంతా తిరిగి కుట్టాలి. నవారు అంచుల్లో పోగులు లేచినా, రింగు ఒరుసుకున్న చోట పలచబడినా, గుడ్డ మీద బూజు మచ్చ రుద్దితే పొడి రాలినా అతుకులు వేయకుండా ఉయ్యాలగా వాడటం ఆపేయాలి. తమ్ముడికో చెల్లెలికో దాచిపెట్టాలనుకుంటే కర్రలు, రింగులు దాచుకోవచ్చు. నవారు, గుడ్డ మాత్రం కొత్తవి తీసుకోవాలి.